ఇంటి ప్రార్థనలో ఉపకారాలు లెక్కపెట్టడం ఎలా?

ఒంగోలు, నెల్లూరు వైపు క్రైస్తవ కుటుంబాల్లో రాత్రి ప్రార్థన చాలాసార్లు ఒకే మాటతో మొదలై అక్కడే ఆగిపోతుంది: "ఈ దినమంతా కాపాడినందుకు స్తోత్రం." అందులో తప్పేమీ లేదు. కాకపోతే అన్ని రోజులకూ సరిపోయే మాట కావడంతో ఏ రోజు ఏం జరిగిందో గుర్తుండదు. "ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము" అన్న దావీదు 103వ కీర్తనలో ఆ వెంటనే పాప క్షమాపణ, రోగం కుదరడం అంటూ ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోతాడు. 136వ కీర్తన అయితే సీహోను, ఓగు అని రాజుల పేర్లతో సహా చెబుతుంది. మనమూ అలాగే పేరుపెట్టి చెప్పాలి.

ఒక నోటు పుస్తకం ఇంటిల్లిపాదికీ చాలు. భోజనాలయ్యాక, పిల్లలు నిద్రకు జోగకముందే కూర్చోండి. పది నిమిషాలు దాటితే వారం తిరక్కుండానే మానేస్తారు. తేదీ వేసి మూడు విషయాలు రాయండి. ప్రతిదానిలో ఏం అందింది, ఎవరి చేతిమీదుగా అందింది, అది లేకపోతే ఏమయ్యేది అన్నవి ఉండాలి. "నీళ్లకు స్తోత్రం" అని రాస్తే ఏమీ తెలియదు. "మోటారు కాలిపోతే పక్కింటి వదిన రెండు బిందెలు పోసింది, లేకపోతే పొద్దున వంట ఆగేది" అని రాస్తే దేవుడు ఏ దారిన సాయం పంపాడో కనబడుతుంది. నిన్న రాసినదే ఇవాళా రాయకూడదన్న ఒక్క నియమం పెట్టుకోండి. మొదటి వారం ఆరోగ్యం, ఉద్యోగం, పిల్లలతో గడిచిపోతుంది. రెండో వారంలో ఏం రాయాలో తోచదు, చాలామంది ఆపేసేది అక్కడే. ఆపకండి. రోజును గంటల వారీగా తలచుకోవడం అలవాటయ్యేది అప్పుడే.

రాసినదాన్ని పైకి చదవాలి. ఒకరు ఒక్కో విషయం చదువుతుంటే మిగతావాళ్లు "ఆయన కృప నిరంతరముండును" అనాలి. 136వ కీర్తనలో ఇరవై ఆరు వచనాలకూ ఉన్న పల్లవి అదే. అక్షరాలు రాని పిల్లలు చెబితే పెద్దవాళ్లు రాయాలి, వాళ్ల మాటను దిద్దకూడదు. "పుల్ల ఐసు" అంటే పుల్ల ఐసు అనే రాయండి.

పోల్చుకోవడం దగ్గర జాగ్రత్తగా ఉండాలి. "కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగేవాళ్ల కన్నా మనం నయం" అనుకోవడం, ఇతరుల్లా లేనందుకు స్తోత్రమని లూకా 18లో పరిసయ్యుడు చేసిన ప్రార్థనే. ఆ ఊళ్ల సంగతి గుర్తొస్తే వాళ్లకు మంచినీళ్లు అందాలని విడిగా ప్రార్థించండి, మన స్తుతికి వాళ్ల బాధను కొలతబద్ద చేయకండి.

పొగాకు వేలంలో ధర పడిపోయిన రోజునో, రొయ్యల గుంటకు తెగులు తగిలిన రోజునో ముందుగా స్తోత్రం చెప్పమని ఎవరినీ బలవంతం చేయొద్దు. 13వ కీర్తనలో ఆరు వచనాలుంటే మొదటి నాలుగూ మొరే, నమ్మకం తర్వాత వస్తుంది. కాబట్టి నష్టాన్ని ఉన్నదున్నట్టు దేవునితో చెప్పుకోనివ్వండి, ఏడవనివ్వండి. ఆ తర్వాత ఒక్క విషయం దొరికితే చాలు. దొరక్కపోతే తేదీ వేసి ఖాళీగా వదిలేయండి. చావు జరిగిన ఇంట్లో ఈ పుస్తకం ప్రస్తావనే తేవద్దు. వాళ్లంతట వాళ్లు అడిగేదాకా ఆగాలి.

శనివారం రాత్రి ఆ వారం పేజీలు తిరగేసి మనుషుల పేర్లున్న చోట గీత గీయండి. వాళ్లలో ఒకరికి ఫోన్ చేయండి, దగ్గరైతే వెళ్లి చెప్పండి. లూకా 17లో బాగుపడిన కుష్ఠరోగులు పదిమంది, తిరిగొచ్చింది ఒక్కడే.

దేవునికని పక్కన పెట్టే పిడికిలి బియ్యం కూడా ఇందులో భాగమే. పూటపూటా ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి డబ్బాలో వేయాలి. గుప్పెడు యాభై గ్రాములనుకుంటే రెండు పూటలకు నెల తిరిగేసరికి మూడు కిలోలవుతాయి. డబ్బా తడిలేకుండా తుడిచి, రెండు ఎండుమిరపకాయలు వేస్తే పురుగు పట్టడం తగ్గుతుంది. మంచి బియ్యం మనకుంచుకుని నూకలు అందులో వేయకూడదు.

ఏడాదికోసారి, డిసెంబరు 31 ఆరాధనకు ముందు, కుటుంబ చరిత్ర చెప్పుకోండి. ద్వితీయోపదేశకాండం 26లో పంటలో ప్రథమ ఫలాలు దేవునికి తెచ్చినవాడు ముందుగా తన పితరుల కష్టం చెబుతాడు. ఈ ప్రాంతంలో చాలా ఇళ్లకు ఆ కథ 1876-78 కరువు నుంచి మొదలవుతుంది. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని కరువు జనానికి పని చూపించాడు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపాడు. ఆ తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లకు తెలిసిన పేర్లు, ఊళ్లు అడిగి పుస్తకం చివరి పేజీల్లో రాయండి. ఈ పని వాయిదా వేయకండి.

డిసెంబరు 31 రాత్రి చర్చిలో, దేవుడు చేసిన మేలు చెప్పే సాక్ష్యానికి ఏడాది మొత్తం చెప్పక్కర్లేదు. పుస్తకంలోంచి ఒక్క విషయం ఎంచుకుని రెండు నిమిషాల్లో ముగించండి. అందులో మరొకరి అప్పు, జబ్బు, పెళ్లి సంబంధం లాంటివి వస్తే ముందే వాళ్లను అడగాలి. వద్దంటే వేరే విషయం తీసుకోండి.