ఆట వేగం మార్చాలంటే ప్రతిసారీ ఏఐని అడగనవసరం లేదు

ఏఐ సాయంతో బ్రౌజర్ ఆట తయారుచేసేవారికి ఈ చికాకు తెలిసే ఉంటుంది. "పడవ కాస్త నెమ్మదిగా వెళ్లాలి" అని అడిగితే అది పడవతోపాటు అలలనూ స్కోరునూ కూడా కదిపి పెడుతుంది. ఉచిత ఖాతా అయితే ఆ పూట పరిమితి ఇలాంటి చిల్లర మార్పులకే ఖర్చయిపోతుంది.

అందుకని మొదటి సందేశంలోనే ఇలా రాయండి: "ఆటలో మార్చదగిన అంకెలన్నీ ఫైలు పైభాగంలో ఒకేచోట, వరుసకు ఒకటి చొప్పున పెట్టు. ప్రతిదాని పక్కన తెలుగులో వివరణ రాయి. కింద కోడ్‌లో ఈ పేర్లే వాడు."

విశాఖలోని డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కగా ఫిషింగ్ హార్బర్‌కు పడవను చేర్చే ఆటకు నాకు పది వరుసలు సరిపోయాయి: పడవ వేగం, అల ఎత్తు, గాలి బలం, ప్రాణాలు, ఇలా. నోట్‌ప్యాడ్‌లో ఫైలు తెరిచి పడవ వేగం 180ని 140 చేసి, సేవ్ చేసి, బ్రౌజర్‌లో ఎఫ్5 నొక్కితే చాలు. కోడ్ రాని మా మేనల్లుడు కూడా మార్చేస్తున్నాడు. వాడికి ఎప్పుడూ తుపాను గాలే కావాలి, అది వేరే సంగతి.

వేగం ఫ్రేముకు (అంటే తెరపై బొమ్మ మారిన ప్రతిసారీ) ఇంత అని ఉంటే మాత్రం ఆ అంకె అన్ని తెరలపై ఒకేలా పనిచేయదు. సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చే 60 హెర్ట్జ్ తెరపై చక్కగా నడిచిన పడవ 120 హెర్ట్జ్ ఫోనులో రెట్టింపు వేగంతో దూసుకుపోతుంది. "వేగాలన్నీ సెకనుకు ఇన్ని పిక్సెళ్లు అని లెక్కించు" అన్న వాక్యం కూడా ఆ సందేశంలోనే చేర్చండి.