పాత కారు, తుప్పు, నీళ్లు – 3వ పాఠం: కాళ్ల కింద తడి

కిందటి పాఠంలో సీట్లు విప్పి, కార్పెట్ తీసి, ఫ్లోర్ రేకును స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడటం నేర్చుకున్నాం. గట్టిగా ఉన్న రేకు ఖంగుమంటుంది, తుప్పు తినేసిన రేకు బోలుగా పలుకుతుంది. బోలుగా పలికిన చోట్ల సుద్దముక్కతో గీసిన గుర్తులు అలాగే ఉంచండి. ఈ పాఠం రెండో సగంలో వాటితో పని ఉంది.

మొదటి సగమంతా నీళ్ల గురించే. చాలామంది తొందరపడేది ఇక్కడే. రేకు పోయిందని తెలియగానే కారును టింకర్ (కారు రేకు పని చేసే మెకానిక్) దగ్గరికి తీసుకెళ్లి, ముక్క వేయించి, పైన నల్ల కోటింగ్ కొట్టించి, కొత్త మ్యాట్ పరిచేస్తారు. నీళ్లు వచ్చే దారి మాత్రం తెరిచే ఉంటుంది. రెండు వానాకాలాలు గడిచేసరికి ఆ కొత్త ముక్క అంచుల్లోనే మళ్లీ తుప్పు మొదలవుతుంది. అందుకే ఈ పాఠాల్లో నేను గట్టిగా పట్టుబట్టే నియమం ఒకటే: నీళ్లు ఆగాయని కళ్లారా చూశాకే గ్రైండర్ చేతిలోకి తీసుకోవాలి.

మన నమూనా కారు మారుతి 800. 1983 డిసెంబరులో మొదటిది రోడ్డెక్కింది, 2014 జనవరిలో తయారీ ఆగింది. అంటే మీ దగ్గరున్నది ఏ ఏడాదిదైనా పదేళ్లు దాటిపోయినట్టే. చాలావాటికి పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు కూడా అయిపోయి, ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకునే వయసొచ్చింది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు కార్లకయితే ఉప్పుగాలి అదనం. ఉప్పు కలిసిన తడి మామూలు తడి కన్నా చాలా వేగంగా ఇనుమును తింటుంది. సముద్రానికి దూరంగా ఉన్నాం కదా అని హైదరాబాదు వాళ్లు నిశ్చింతగా ఉండొద్దు. కార్పెట్ కింద మందపాటి ఫెల్ట్ ఒకసారి తడిసిందంటే పైన పొడిగా కనిపిస్తూనే అడుగున రోజుల తరబడి చెమ్మ పట్టుకుని ఉంటుంది.

మొదట తేల్చుకోవాల్సింది తడి ఎప్పుడు వస్తోందన్నది. వాన లేని రోజున, ఏసీ వేసుకుని ఓ గంట తిరిగాక ఎడమవైపు ముందు సీటు కాళ్ల దగ్గర తడి కనిపిస్తే అది వాననీరు కాదు. డ్యాష్‌బోర్డు కింద కూలింగ్ కాయిల్ దగ్గర చేరే నీటిని బయటికి వదిలే సన్న రబ్బరు పైపు మూసుకుపోయి ఉంటుంది. ఉక్కపోతగా ఉన్న రోజున ఏసీ నడుస్తూ ఆగి ఉన్న కారు కింద బొట్లు పడటం లేదంటే అనుమానం బలపడినట్టే. పైపు చివర వెతికి, మెత్తటి ప్లాస్టిక్ వైరు తోసి బురద తీయండి, నీళ్లు బుడబుడమని కారిపోతాయి. హీటర్ ఉన్న కారులో తడి జిగటగా, తియ్యటి వాసనతో ఉంటే అది కూలెంట్. దాన్ని రేడియేటర్ మెకానిక్‌కి చూపించాలి.

వాన పడ్డప్పుడో, కారు కడిగినప్పుడో మాత్రమే తడి వస్తుంటే నీళ్ల పరీక్ష చేయాలి. దీనికి ఇద్దరు కావాలి. సీట్లు, కార్పెట్ లేని కారులో ఒకరు టార్చ్ పట్టుకుని కూర్చుంటారు, బయట ఒకరు పైపు పట్టుకుంటారు. ముందుగా లోపలంతా పొడిగుడ్డతో తుడిచి, డోర్ గడపల మీద, ముందు అద్దానికి రెండు పక్కలా ఉండే పిల్లర్ల అడుగున, డ్యాష్‌బోర్డు కింద కనిపించే రేకు మీద టాల్కం పౌడర్ పలచగా అద్దండి. ఒక్క బొట్టు జారినా పౌడర్‌లో గీత పడుతుంది. ఆ గీత వెంట పైకి వెళ్తే నీరు దిగిన చోటు దొరుకుతుంది. తడి కనిపించే చోటు వేరు, నీరు దూరే చోటు వేరు. రెంటికీ మధ్య ఒక్కోసారి మూడడుగుల దూరం కూడా ఉంటుంది.

పైపు కింది నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లాలి. ముందు డోర్ల అడుగు, తర్వాత డోర్ అద్దం అంచు, తర్వాత వైపర్ల కింద జాలీ, ముందు అద్దం బీడింగ్ (అద్దం చుట్టూ ఉండే రబ్బరు పట్టీ), చివరికి టాప్ అంచున ఉండే గాడి. ఒక్కోచోట పది నిమిషాలు. పైనుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిటి మీదుగా కారతాయి, దోషం ఎక్కడుందో తేలదు. ప్రెషర్ వాషర్ వాడొద్దు. ఆ ఒత్తిడికి మంచి రబ్బరు కూడా నీళ్లు వదిలేస్తుంది, లేని లీకు కోసం రోజంతా వెతుక్కుంటారు.

వైపర్ల కింద జాలీలో ఎక్కువగా దొరికేది ఆకుల ముద్ద. వేపచెట్టు కింద పార్క్ చేసే కారయితే చెప్పనక్కరలేదు. పక్కలకు పోవాల్సిన నీళ్లు అక్కడ నిలిచి, బ్లోయర్ దారిలో లోపలికి దిగుతాయి. చేత్తో తీసి కడిగేస్తే సరి. ఫ్లోర్‌లో ఉండే గుండ్రటి రబ్బరు బిరడాలు ఊడిపోయాయేమో కూడా చూడండి. గుంతలో నీళ్లు కింది నుంచి చిమ్మి అక్కడి నుంచే వస్తాయి.

ఇక డోర్. దీని పని తీరు చాలామందికి తెలియదు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. వాన పడితే అద్దం వెంట నీళ్లు డోర్ లోపలికి దిగడం మామూలే. డోర్ అడుగున సన్నటి చీలికలు ఉంటాయి, వాటిలోంచి బయటికి పోతాయి. ఆ చీలికల్లో మట్టి పేరుకుంటే డోర్‌లో నీళ్లు నిలుస్తాయి, అడుగు రేకు లోపలి నుంచి కుళ్లుతుంది. బయట పెయింట్ పొక్కులు లేచేసరికే ఆలస్యమైపోతుంది. తుప్పు అసలు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే పెయింట్‌ను పైకి ఎత్తేస్తుంది. కేబుల్ టై లాంటి ప్లాస్టిక్ పుల్లతో ఆ చీలికలు తెరవండి. ఇనుప మేకు పెడితే ఉన్న కాస్త పెయింటూ గీసుకుపోతుంది.

డోర్ ప్యాడ్ విప్పితే దాని వెనక పాలిథీన్ షీటు ఉండాలి. పవర్ విండో వేయించినప్పుడో, స్పీకర్లు పెట్టించినప్పుడో ఎవరో దాన్ని చింపి పారేసి ఉంటారు. ఆ షీటు లేకపోతే డోర్‌లో చిందిన నీళ్లు ప్యాడ్ వెనకగా జారి నేరుగా ఫ్లోర్ మీదికి వస్తాయి. మందపాటి పాలిథీన్ కొని, పాతదాని కొలతకు కత్తిరించి, చుట్టూ బ్యూటైల్ టేపుతో (జిగట రబ్బరు టేపు) అంటించండి. అడుగు అంచును మాత్రం ప్యాడ్ వైపు వదలకుండా డోర్ లోపలికి, రేకులో ఉన్న కంతలోకి దోపాలి. అప్పుడు షీటు మీద జారిన నీరు మళ్లీ డోర్‌లోనే పడి చీలికల్లోంచి పోతుంది. ఈ ఒక్క మడతను పట్టించుకోకపోతే షీటు వేసినా వేయనట్టే.

ముందు అద్దం బీడింగ్ కింది మూలల్లో లీకు తేలితే సిలికాన్ ట్యూబు తెచ్చి పూయకండి. పూసేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఆరుతూ ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, అది రేకును తినేస్తుంది. రబ్బరు ఇంకా మెత్తగానే ఉంటే దాని పెదవిని చెక్కపుల్లతో ఎత్తి, గట్టిపడని బ్యూటైల్ సీలర్ లోపలికి ఎక్కించండి. రబ్బరు గట్టిపడి పగుళ్లు కనిపిస్తే అద్దం దించాల్సిందే. రబ్బరు కింద రేకు అంచు ఎలా ఉందో చూడటానికి అంతకన్నా మంచి అవకాశం రాదు. అద్దం పనివాళ్లు కొత్త బీడింగ్ గాడిలో నూలు తాడు చుట్టి, సబ్బునీళ్లు రాసి, బయట ఒకరు నొక్కుతుంటే లోపల ఒకరు తాడు లాగుతూ అద్దం ఎక్కిస్తారు. అంచు మీద తుప్పు తీయించి, ప్రైమర్ ఆరాకే ఎక్కించమని ముందే చెప్పండి.

అన్నీ అయ్యాక నీళ్ల పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయండి. పౌడర్ మీద ఒక్క గీతా పడకపోతే రేకు పనికి వెళ్దాం.

సుద్ద గీతల చోట తారు షీట్లు గీకేయండి. అవి చప్పుడు తగ్గించడానికి ఫ్యాక్టరీలో వేసినవి. అంచు లేచిన ప్రతి షీటు కింద నీళ్లు నిలిచి ఉంటాయి. తర్వాత వైర్ బ్రష్‌తో రుద్దండి. నల్లటి మచ్చలున్నా రేకు దిట్టంగా ఉంటే ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ రిమూవర్ పూసి, డబ్బా మీద రాసినట్టు కడిగి ఆరబెట్టి, ఎపాక్సీ ప్రైమర్ వేస్తే చాలు. స్క్రూడ్రైవర్ మొన దిగబడితే కోసి ముక్క వేయాలి.

తుప్పు డోర్ల కింద పొడవునా ఉండే పెట్టె రేకులోకో, సీటు బెల్టు బోల్టు చుట్టూనో, సస్పెన్షన్ బిగించే చోటికో పాకి ఉంటే ఇంట్లో చేసే పని కాదు. గుద్దుకున్నప్పుడు ప్రాణం కాపాడే భాగాలవి. అనుభవమున్న టింకర్ చేతిలో పెట్టండి.

మామూలు ఫ్లోర్ ముక్కకు కూడా వెల్డింగ్ రాకపోతే టింకర్ దగ్గరికే వెళ్లండి, కానీ ఏం అడగాలో తెలుసుకుని వెళ్లండి. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ విప్పాలి. ఫ్లోర్ కింద పెట్రోల్ పైపు, బ్రేక్ పైపు ఎటు వెళ్తున్నాయో చూసి పక్కకు తప్పించాలి, అగ్నిమాపక సిలిండర్ చేతికందే దూరంలో ఉండాలి. రేకు 20 గేజ్ సీఆర్ (కోల్డ్ రోల్డ్, జింక్ పూత లేని) షీటు, మందం దాదాపు 0.9 మిల్లీమీటర్లు. జీఐ (జింక్ పూత వేసిన) రేకు వద్దు. వెల్డింగ్ వేడికి దాని జింక్ పూత పొగై మనిషికి హాని చేస్తుంది. కోత మెరిసే రేకు కనిపించేదాకా వెళ్లాలి, ముక్క మూలలు గుండ్రంగా ఉండాలి. రాడ్ వెల్డింగ్ ఇంత పలచటి రేకును కాల్చి కన్నం పెడుతుంది కాబట్టి సీఓటూ వెల్డింగ్ (కార్బన్ డయాక్సైడ్ వాయువు వదులుతూ సన్న తీగతో చేసేది) అడగండి. ఒక్క గీతలా లాగకుండా అంగుళానికో చుక్క, అదీ ఒకసారి ఈ చివర, ఒకసారి ఆ చివర వేస్తూ మధ్యమధ్య చల్లారనివ్వాలి. లేకపోతే ఫ్లోర్ వంకర తిరుగుతుంది. రివెట్లు కొట్టి పైన పుట్టీ మెత్తే పనికి ఒప్పుకోకండి. పుట్టీ నీటిని పీల్చుకుంటుంది.

వెల్డింగ్ అయ్యాక రెండు వైపులా ఎపాక్సీ ప్రైమర్, అతుకుల మీద పీయూ (పాలీయురెథేన్) సీలర్, పైన పెయింట్. కింద నల్ల కోటింగ్ అన్నిటికన్నా చివర్లో. తుప్పు మీదే ఆ కోటింగ్ కొట్టించడం కన్నా అసలు కొట్టించకపోవడమే మేలు. నీటిని లోపలే బంధించి, తుప్పును కంటికి కనపడకుండా చేస్తుంది. కోటింగ్ కొట్టేటప్పుడు డోర్ చీలికలు, ఫ్లోర్ కంతలు మూసుకుపోకుండా టేపు వేయించండి.

ప్రైమర్ చెమ్మ మీద పట్టదు, కాబట్టి ఈ పనంతా రోహిణి కార్తె ఎండల్లోనే పూర్తి చేసుకుంటే మంచిది. మృగశిర దాటాక మొదలుపెడితే ఆరడానికే అవస్థ పడతారు.

వచ్చే పాఠంలో వెనక చక్రాల పైన లేచే పొక్కులు చూద్దాం. ఈలోగా వెనక చక్రాల గూళ్ల లోపలి అంచుల్లో పేరుకున్న మట్టి పూర్తిగా కడిగి, ఆరాక వేళ్లతో తడిమి, గరుకుగా తగిలిన ప్రతి చోటా సుద్దతో గుర్తు పెట్టి ఉంచండి.