ఖాళీ జాబితా దగ్గర ఫెయిలయ్యే టెస్ట్: స్టేట్ ఉన్న కోడ్‌కి క్విక్‌చెక్ రాసేటప్పుడు

క్విక్‌చెక్ అంటే యాదృచ్ఛిక ఇన్‌పుట్లు పుట్టించి, మనం రాసిన ప్రాపర్టీ (ఎప్పుడూ నిజం కావాల్సిన షరతు) నిలుస్తుందో లేదో చూసే లైబ్రరీ. హాస్కెల్ భాషలో ప్యూర్ ఫంక్షన్‌కి (బయటి స్టేట్‌ని ముట్టుకోనిదానికి) క్విక్‌చెక్ ప్రాపర్టీ రాయడం నల్లేరు మీద నడక. మధ్యలోకి ఒక ఐఓరెఫ్ (లోపలి విలువని మార్చుకోగల డబ్బా) వచ్చిందా, కోడ్ కంటే ముందు టెస్టునే అనుమానించాల్సి వస్తుంది. కోయెన్ క్లాసెన్, జాన్ హ్యూస్ 2002లోనే మొనాడిక్ కోడ్‌ని (ఐఓ, స్టేట్ లాంటివి వాడే కోడ్‌ని) క్విక్‌చెక్‌తో ఎలా పరీక్షించాలో పేపర్ రాశారు. అయినా ఈ పొరపాట్లు అందరం చేస్తూనే ఉంటాం.

ఒక క్యూ తీసుకుందాం. లోపల ఐఓరెఫ్, పైకి చేర్చు, తియ్యి అని రెండు ఆపరేషన్లు. క్విక్‌చెక్ ఇచ్చిన కమాండ్ల జాబితాని ఈ క్యూ మీదా, మామూలు లిస్ట్‌తో చేసిన మోడల్ మీదా నడిపి, చివర్లో రెండింట్లో మిగిలినవి ఒకటేనా అని చూస్తాం.

సమస్య: ఫెయిలైంది, కానీ చూపించే ఉదాహరణ ఖాళీ జాబితా

3 టెస్టులు, 1 ష్రింక్ (ఫెయిలైన ఉదాహరణని కుదించడం) తర్వాత తప్పింది అంటుంది. కింద చూస్తే ఖాళీ బ్రాకెట్లు. ఒక్క కమాండ్ కూడా నడపకుండానే క్యూ చెడిపోయిందట! అదే ఖాళీ జాబితాతో ప్రోగ్రామ్‌ని కొత్తగా మొదలుపెట్టి చూస్తే శుభ్రంగా పాసవుతుంది.

కారణం: క్యూని మెయిన్‌లో ఒక్కసారే సృష్టించి ప్రాపర్టీకి పంపారు. ఏం జరిగిందో వరసగా చూడండి. మొదటి టెస్ట్ సైజు 0 కాబట్టి జాబితా ఖాళీ; పాస్. రెండోది 'చేర్చు 1'. క్యూలో 1, మోడల్‌లో 1, పాస్. మూడోది 'చేర్చు 0'. మోడల్‌లో 0 ఒక్కటే, క్యూలో మాత్రం 1, 0. ఫెయిల్. ఇక ఉదాహరణని కుదించడానికి క్విక్‌చెక్ ఖాళీ జాబితాని ప్రయత్నిస్తుంది. పాత ఎంగిలి క్యూలో అలాగే ఉంది గనక అదీ ఫెయిలే. అంతకన్నా చిన్నది లేదు, అక్కడే ఆగిపోతుంది.

పరిష్కారం: మొనాడిక్‌ఐఓ (ఐఓ కోడ్‌ని ప్రాపర్టీగా మార్చే ఫంక్షన్) బ్లాక్‌లో మొదటి లైనులోనే రన్‌తో (అందులో ఐఓ పనిని నడిపే ఫంక్షన్‌తో) కొత్త క్యూ సృష్టించండి. ప్రతి టెస్టుకీ, ప్రతి ష్రింక్ ప్రయత్నానికీ ఆ బ్లాక్ మొదటినుంచి నడుస్తుంది. అన్‌సేఫ్‌పెర్‌ఫార్మ్‌ఐఓతో మాడ్యూల్ స్థాయిలో పెట్టిన ఐఓరెఫ్ అయితే దాన్ని ఆర్గ్యుమెంట్‌గా మార్చక తప్పదు. రీసెట్ ఫంక్షన్ రాసి సరిపెట్టుకోవడం నాకు నచ్చదు. రేపు ఇంకో ఫీల్డ్ చేరినప్పుడు రీసెట్‌లో దాన్ని చేర్చడం ఎవరికి గుర్తుంటుంది?

సమస్య: కోడ్‌ని కావాలని పాడుచేసినా 100 టెస్టులూ పాస్

కారణం చాలాసార్లు చిన్నదే: పోలిక చేశారు, ఫలితాన్ని గాలికొదిలేశారు. డూ బ్లాక్ మధ్యలో రన్‌తో వచ్చిన బూల్‌ని (నిజం/అబద్ధం విలువని) ఎవరూ పట్టించుకోరు. బ్లాక్ చివర యూనిట్ (ఏ సమాచారమూ లేని ఖాళీ విలువ) మిగిలితే క్విక్‌చెక్ దాన్ని పాస్ కిందే లెక్కేస్తుంది. ఆ బూల్‌ని అసర్ట్‌కి (అబద్ధమైతే టెస్టుని ఫెయిల్ చేసే ఫంక్షన్‌కి) ఇవ్వండి. హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీలో వాల్ హెచ్చరికలు పెట్టుకుంటే ఇలా పారేసిన విలువల్ని కంపైలరే చూపిస్తుంది. హెచ్చరిక విసిగిస్తోందని అండర్‌స్కోర్‌కి బైండ్ చేసి నోరు మూయించారంటే మాత్రం మళ్ళీ మొదటికే.

సమస్య: ఫెయిలైన ఉదాహరణ చాంతాడంత ఉంది, కుదించడం లేదు

పిక్ (బ్లాక్ లోపలే విలువని పుట్టించే ఫంక్షన్) వాడారా? పిక్‌తో పుట్టించిన విలువలు ష్రింక్ కావు. కమాండ్ల జాబితాని ప్రాపర్టీకి ఆర్గ్యుమెంట్‌గా తీసుకోండి, లేదా బయట ఫర్‌ఆల్‌ష్రింక్ (పుట్టించడంతో పాటు కుదించే పద్ధతిని కూడా తీసుకునే ఫంక్షన్) పెట్టండి.

సమస్య: 1000 టెస్టులు పారేసి చేతులెత్తేసింది

ఖాళీ క్యూలోంచి తియ్యకూడదని ప్రి తో (షరతు తప్పితే ఆ టెస్టుని పారేసే ఫంక్షన్‌తో) షరతు పెట్టారు. కమాండ్లు గుడ్డిగా పుడుతున్నాయి కాబట్టి, జాబితా కాస్త పొడవైతే ఎక్కడో ఒకచోట షరతు తప్పుతుంది. మామూలుగా క్విక్‌చెక్ ఒక్కో టెస్టుకి 10 చొప్పున, మొత్తం 1000 వరకే పారేయడానికి ఒప్పుకుంటుంది.

అందరూ ముందు చేసేది జనరేటర్‌ని (కమాండ్లని పుట్టించే కోడ్‌ని) తెలివిగా రాయడం: మోడల్‌ని వెంట తీసుకెళ్తూ, క్యూలో ఏదైనా ఉన్నప్పుడే 'తియ్యి' పుట్టించడం. ఇది సగం పనే. ష్రింక్‌కి మీ జనరేటర్ తెలివి తెలియదు. 'చేర్చు 5, తియ్యి' లోంచి చేర్చుని తీసేసి ఒంటరి 'తియ్యి'ని మీ ముందు పెడుతుంది. అది ఎర్రర్‌తో కూలితే అసలు బగ్ పక్కకుపోయి ఈ దొంగ బగ్ తెర మీదికొస్తుంది. అందుకే నేను ప్రి తీసేసి, నడిపే ఫంక్షన్‌లోనే చూసుకుంటాను: మోడల్ ఖాళీగా ఉంటే 'తియ్యి'ని దాటేయడమే. అప్పుడు ఏ జాబితా అయినా చెల్లుతుంది, ష్రింక్ ఎలా కోసినా ఇబ్బంది లేదు.

సమస్య: స్టేట్ మొనాడ్‌కి మొనాడిక్‌ఐఓ టైపు కుదరడం లేదు

కుదరదు, మొనాడిక్‌ఐఓ ఐఓ కోడ్‌కి మాత్రమే; స్టేట్ మొనాడ్ అంటే ఐఓ లేకుండా స్టేట్‌ని ఒక అడుగు నుంచి మరో అడుగుకి అందించే కోడ్. మొనాడిక్ అనే ఫంక్షన్ తీసుకుని, స్టేట్‌ని విప్పే రన్నర్ ఇవ్వండి: ప్రారంభ స్టేట్‌తో ఎవాల్‌స్టేట్ (ఆ స్టేట్‌తో కోడ్‌ని నడిపి ఫలితాన్ని ఇచ్చే ఫంక్షన్). ఇక్కడ పాత ఎంగిలి బెడద ఉండదు. కాకపోతే రన్నర్‌లో ఎప్పుడూ ఖాళీ స్టేట్‌నే రాసేస్తే, నిండిన స్థితి నుంచి మొదలయ్యే దారులు పరీక్షకి అందకపోవచ్చు; ఆ ప్రారంభ స్టేట్‌ని కూడా ప్రాపర్టీ ఆర్గ్యుమెంట్‌గా తీసుకుంటే సరి.