“కార్పొరేటర్‌గా ఎవరికి వెయ్యమంటావ్?” అని అడిగేవాళ్లకు చీటీ రాసివ్వడం ఎలా?

2021 మార్చిలో విశాఖ కార్పొరేషన్ ఎన్నికలకి ముందు మా పిన్ని ఫోన్ చేసింది. “ఒరే, ఎవరికి వెయ్యమంటావ్?” నోటికొచ్చిన పేరు చెప్పేశాను. తీరా బూత్‌లో చూస్తే ఆవిడ బ్యాలట్ మీద ఆ పేరే లేదట. మా రెండిళ్లూ ఒకే కాలనీ, వార్డులు మాత్రం వేరు. ఆ రోజు తిన్న తిట్లతో, ఇకపై ఎవరడిగినా అరపేజీ చీటీ రాసే చెప్పాలని తీర్మానించుకున్నాను.

1. అడిగినవాళ్ల వార్డు నంబరు ఓటర్ల జాబితాలో చూడండి. జీవీఎంసీలో (విశాఖ కార్పొరేషన్‌లో) అప్పుడు 98 వార్డులు. సందు దాటితే వార్డు మారిపోవచ్చు.

2. వాళ్ల వీధిలో ఒక రౌండ్ వెయ్యండి. అసలు పని ఇదే. వీధి దీపాలు, చెత్త బండి, కాలువలో పూడిక, కుళాయి నీళ్లు, ఇవే కార్పొరేటర్ వెంటపడి చేయించాల్సినవి. కరెంటు పోతే కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌ని అడగాలి. స్టీల్ ప్లాంటు గురించి వార్డు అభ్యర్థి మైకు పగిలేలా అరిచినా నేను మార్కులు వెయ్యను.

మా పిన్ని వాళ్ల సందు చివర గెడ్డ, అంటే వాన నీళ్లు పోయే పెద్ద కాలువ ఉంది. కొబ్బరి బోండాలు, థర్మాకోల్ ముక్కలు, ఎవరో పడేసిన పాత పరుపు అన్నీ అందులోనే. గట్టి వాన పడితే అవి కల్వర్టు కింద అడ్డం పడి, నీళ్లు ఆవిడ రెండో మెట్టు దాకా వస్తాయి. కాబట్టి ఆవిడ చీటీకి ప్రశ్న ఒక్కటే: పూడిక తీశాక గట్టున పోసిన బురదని ఎన్ని రోజుల్లో ఎత్తిస్తారు?

3. ఓట్లడగడానికి వచ్చినవాళ్లని ఆ ప్రశ్నే అడగండి. “అన్నీ మేం చూసుకుంటాం అమ్మా” అంటే సున్నా. “ఆ సందులోకి మిషన్ పట్టదు, మనుషుల్ని పెట్టాలి” అన్నాయనకి గెడ్డ తెలుసు.

4. నామినేషన్‌తో ఇచ్చిన అఫిడవిట్ చదవండి. కేసు కనబడగానే కొట్టెయ్యకండి. ధర్నా కేసు వేరు, భూకబ్జా కేసు వేరు.

5. పార్టీని రెండో వరుసలో పెట్టండి, అసలు వదిలెయ్యకండి. మేయర్‌ని మనం నేరుగా ఎన్నుకోం, కార్పొరేటర్లూ ఎక్స్ అఫీషియో సభ్యులూ (పదవి రీత్యా ఓటుండే ఎమ్మెల్యేలు, ఎంపీల్లాంటివాళ్లు) ఎన్నుకుంటారు. 2021లో వైసీపీకి 58 వార్డులు, టీడీపీకి 30 వచ్చాయి. తర్వాత కొందరు కార్పొరేటర్లు పార్టీలు మారారు. 2025 ఏప్రిల్‌లో మేయర్ మీద అవిశ్వాస తీర్మానం 74 ఓట్లతో నెగ్గి, మేయరే మారారు. గుర్తు చూసి వేసిన ఓటు ఐదేళ్లూ ఆ గుర్తు దగ్గరే ఉంటుందని పిన్నికి నేనైతే హామీ ఇవ్వలేను.

6. ఇప్పుడు రాయండి. పేరు, గుర్తు, రెండు కారణాలు, ఒక లోపం. లోపం లేకపోతే అది చీటీ కాదు, కరపత్రం. అభ్యర్థి మీకు చుట్టమైనా, ఎప్పుడైనా మీ పని చేసిపెట్టినా ఆ ముక్క పైనే రాసెయ్యండి. ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టకండి, బాబాయిలు కొట్టుకుంటారు. అడిగినవాళ్లకి మాత్రమే విడిగా పంపండి.

ఆ లోపం చదివి పిన్ని ఇంకొకరికి వేస్తానంటే వెయ్యనివ్వండి. ఓటరు స్లిప్పు ఎక్కడ పెట్టిందో మాత్రం ముందురోజే వెతికించండి.