బయటి కోడ్ కలిపే ముందు జాగ్రత్తలు

పలాస జీడిపప్పు ఫ్యాక్టరీకి స్టాక్ లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తున్నా సరే, ఇవి చూశాకే వేరేవాళ్లు రాసిన కోడ్‌ను మీ ప్రోగ్రామ్‌లో కలపండి.

• ముందు లైసెన్స్ ఫైలు తెరవండి. అపాచీ 2.0, జీపీఎల్ 3 అనే ఓపెన్ సోర్స్ లైసెన్సులలో పేటెంట్ అనుమతి (ఆ కోడ్‌కు సంబంధించి రాసినవాళ్ల పేటెంట్లను వాడుకునే అనుమతి) రాసే ఉంటుంది. ఎంఐటీ లైసెన్స్‌లో పేటెంట్ అన్న మాటే ఉండదు.

• కోడ్ ఇచ్చిన కంపెనీ విడిగా పేటెంట్ హామీ (తన పేటెంట్ల పేరుతో కేసు వేయనన్న మాట) ఇస్తే వాక్యం వాక్యం చదవండి. అసలు చిక్కంతా ఇక్కడే. ఫలానా సాంకేతిక ప్రమాణాన్ని (స్టాండర్డ్‌ను) అమలు చేసే ప్రోగ్రామ్‌కే హామీ అని ఉంటే, అదే కోడ్ ముక్కను వేరే పనికి వాడినప్పుడు అది వర్తించదు. కాపీ చేసుకునే హక్కున్నా, స్వేచ్ఛ సగమే. అలాంటిది కలపకపోవడమే మేలు.

• అపాచీ 2.0 కోడ్‌ను జీపీఎల్ 2 లైసెన్స్ మాత్రమే ఉన్న ప్రాజెక్టులో కలపకండి. జీపీఎల్ 3తో కుదురుతుంది.

• మన పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం ఒట్టి కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు పేటెంట్ రాదు. అమెరికా కస్టమర్‌కు అమ్మితే మాత్రం అక్కడి పేటెంట్లు చూసుకోవాలి.

• హామీ పేజీని తేదీతో సహా పీడీఎఫ్‌గా దాచండి.