ఏ డిస్క్ కొనాలి, ఏ స్పీడులో రాయాలి? సీడీ, డీవీడీ, బ్లూ-రే నమ్మకంగా బర్న్ చేయడం ఎలా?

కంప్యూటర్ "బర్న్ పూర్తయింది" అంటుంది, ట్రే బయటికొస్తుంది. అదే డిస్క్ బంధువుల ఇంట్లో ప్లేయర్‌లో వేస్తే "నో డిస్క్" అని వస్తుంది. తప్పు మనదా, డిస్క్‌దా, ప్లేయర్‌దా అని అందరూ తలలు గోక్కుంటారు. చాలాసార్లు తప్పు వీటిలో ఏ ఒక్కదానిదీ కాదు, ఆ మూడింటికీ పొత్తు కుదరలేదంతే. డిస్క్, రాసే డ్రైవ్, చదివే యంత్రం ఒకదానికొకటి సరిపడేలా చూసుకుంటే సగానికి పైగా గొడవలు తీరిపోతాయి. స్పీడు సంగతి ఆ తర్వాతే.

పెన్ డ్రైవ్‌ల కాలంలో ఇంకా డిస్కులా అని మీరడగొచ్చు. పాత కారులో స్టీరియో సీడీ మాత్రమే తీసుకుంటుంది. స్కానింగ్ సెంటర్లు సీటీ, ఎంఆర్ఐ చిత్రాలను ఇప్పటికీ డిస్క్‌లో ఇస్తుంటాయి. పెళ్లి వీడియోకి రెండో కాపీ ఎక్కడో ఒకచోట ఉండాలి. పైగా ఒకసారే రాయగల డిస్క్‌లో పొరపాటున ఫైల్ డిలీట్ కాదు, వైరస్ వచ్చి దాన్ని మార్చలేదు. పెన్ డ్రైవ్‌కి ఆ భద్రత లేదు.

1. ముందు చదివే యంత్రాన్ని చూడండి

కారు స్టీరియో, పాత సీడీ ప్లేయర్ అయితే ఒకసారే రాయగల సీడీ-ఆర్ తీసుకోండి. మళ్లీ మళ్లీ రాసుకోవచ్చు కదా అని సీడీ-ఆర్‌డబ్ల్యూ జోలికి వెళ్లొద్దు. సీడీ-ఆర్ లేజర్ కాంతిలో సుమారు 65 శాతం వెనక్కి పంపితే, సీడీ-ఆర్‌డబ్ల్యూ 15 నుంచి 25 శాతమే పంపుతుంది. పాత ప్లేయర్ల కన్నుకి అది ఆనదు. ఇక్కడ ఇంకో నిర్ణయం కూడా ఉంది. ఆడియో సీడీగా రాస్తే 80 నిమిషాలే పడుతుంది, కానీ దాదాపు ప్రతి సీడీ ప్లేయర్‌లోనూ పాడుతుంది. 128 కేబీపీఎస్ ఎంపీ3 ఫైళ్లుగా వేస్తే 700 ఎంబీలో 12 గంటల పైచిలుకు పాటలు పడతాయి, కానీ స్టీరియో ముఖం మీద ఎంపీ3 అని రాసి ఉండాలి.

టీవీ పక్కన ఉన్న డీవీడీ ప్లేయర్ కోసమైతే డీవీడీ-ఆర్ లేదా డీవీడీ+ఆర్. 1997లో పయనీర్ సంస్థ తెచ్చిన డీవీడీ-ఆర్ ముందు వచ్చింది, ప్లస్ రకం 2002లో వచ్చింది. ఇప్పటి రైటర్లు రెండూ రాస్తాయి. చాలా పాత ప్లేయర్ ఉన్న ఇంటికి పంపేదైతే డీవీడీ-ఆర్ వాడటం క్షేమం. ప్లస్ డిస్కులే చేతిలో ఉంటే, బర్నింగ్ సాఫ్ట్‌వేర్‌లో "బుక్ టైప్" అనే సెట్టింగ్‌ను డీవీడీ+ఆర్ అని కాకుండా డీవీడీ-రోమ్ అని పెట్టండి. అప్పుడు ప్లేయర్ దాన్ని అచ్చు కంపెనీ డిస్క్ అనుకుని చదువుతుంది. అన్ని డ్రైవ్‌లూ ఈ మార్పు చేయనివ్వవు.

ఇక్కడే ఎక్కువ మంది బోల్తా పడతారు. ఫోన్‌లో తీసిన ఎంపీ4 వీడియోను అలాగే డీవీడీలో కాపీ చేస్తే పాత ప్లేయర్ ఆడదు. దాన్ని డీవీడీ వీడియోగా మార్చాలి: ఎంపెగ్-2 ఫార్మాట్, మన దేశపు పాల్ టీవీ పద్ధతిలో 720×576 చుక్కలు, సెకనుకు 25 ఫ్రేములు. డీవీడీ ఆథరింగ్ సాఫ్ట్‌వేర్ ఆ పని చేసి, ప్లేయర్ వెతికే ఫోల్డర్లను తయారు చేస్తుంది. డిస్క్ ఎంత మంచిదైనా ఈ మెట్టు తప్పితే ఆడదు.

కంప్యూటర్‌లో దాచుకోవడానికే అయితే మీకు వెసులుబాటు ఎక్కువ. డీవీడీ మీద 4.7 జీబీ అని ఉంటుంది, విండోస్ 4.38 అని చూపిస్తుంది. ఎవరూ కొట్టేయలేదు, ఒకరు వెయ్యి చొప్పున లెక్కపెడితే మరొకరు 1024 చొప్పున లెక్కపెడతారు. ఎక్కువ ఫోటోలుంటే 25 జీబీ బ్లూ-రే బీడీ-ఆర్ బాగుంటుంది, దానికి బ్లూ-రే రైటర్ కావాలి. వంద జీబీ డిస్కులకు బీడీఎక్స్‌ఎల్ అని రాసి ఉన్న డ్రైవే ఉండాలి. బీడీ-ఆర్ కొనేటప్పుడు ప్యాకెట్ మీద ఎల్‌టీహెచ్ అని ఉంటే పక్కన పెట్టేయండి. అందులో రంగు పూతలాంటి సేంద్రియ పొర ఉంటుంది. మామూలు హెచ్‌టీఎల్ బీడీ-ఆర్‌లో ఉండేది ఖనిజ పొర, వెలుతురుకీ వేడికీ అంత తేలిగ్గా లొంగదు. ఎం-డిస్క్ అనే రకం కూడా ఖనిజ పొరదే, ధర ఎక్కువ.

రెండు పొరలుండే 8.5 జీబీ డబుల్ లేయర్ డీవీడీని తప్పనిసరైతేనే వాడండి. పొర మారే చోట తడబడే ప్లేయర్లు చాలా ఉన్నాయి. వీడియోను రెండుగా విడగొట్టి రెండు మామూలు డీవీడీల్లో వేయడం మేలని నా అభిప్రాయం.

2. అట్ట మీద పేరు కాదు, లోపలి కోడ్ చూసి కొనండి

డిస్క్ అమ్మే కంపెనీ వేరు, తయారు చేసే కంపెనీ వేరు కావచ్చు. ఒకే బ్రాండ్ డబ్బాలో ఈ ఏడాది ఒక ఫ్యాక్టరీది, వచ్చే ఏడాది ఇంకో ఫ్యాక్టరీది వస్తుంది. నిజం తెలిసేది డిస్క్‌లోనే ముద్రించి ఉండే మీడియా కోడ్‌తో. ఖాళీ డీవీడీ డ్రైవ్‌లో పెట్టి ఇమ్గ్‌బర్న్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిస్తే కుడివైపు ఆ కోడ్, ఆ డిస్క్‌కి మీ డ్రైవ్ ఒప్పుకునే స్పీడులు కనిపిస్తాయి. ఎంసీసీ 004 అంటే వెర్బాటిమ్ 16ఎక్స్ డీవీడీ+ఆర్, టీవైజీ03 అంటే జపాన్‌కి చెందిన తాయో యూడెన్ డీవీడీ-ఆర్. తాయో యూడెన్ 2015లో ఈ వ్యాపారం మానేసింది. వెర్బాటిమ్‌ను 2019లో తైవాన్‌కి చెందిన సీఎంసీ మ్యాగ్నెటిక్స్ కొనుక్కుంది. సోనీ 2025 ఫిబ్రవరిలో రాసుకునే బ్లూ-రే డిస్కుల తయారీ ఆపేసింది. కాబట్టి కావలసినవి ఇప్పుడే కొని పెట్టుకోవడంలో తప్పు లేదు.

మన ఇళ్లలో అందరికీ తెలిసిన పేరు మోజర్ బేర్. 28 రూపాయలకు వీసీడీ, 34 రూపాయలకు డీవీడీ అంటూ సినిమాలను కిరాణా కొట్టు దాకా తెచ్చిన నోయిడా కంపెనీ అది. 2018లో లిక్విడేషన్‌లోకి వెళ్లింది. ఏ దుకాణంలోనైనా ఆ పేరుతో ఖాళీ డిస్కులు దొరికితే అవి ఏళ్ల నాటి సరుకు. చవగ్గా ఇస్తానన్నా పెళ్లి వీడియోకి వాడొద్దు, పాటల సీడీకి అయితే సరే.

కొత్త రకమైతే ఒకేసారి యాభై డిస్కుల డబ్బా కొనకండి. కొన్ని తెచ్చి, రాసి, సరిచూసి, నచ్చితే అదే దుకాణంలో అదే కోడ్ ఉన్నవి తీసుకోండి. రాసే వైపు వెలుతురులో వాల్చి చూడండి. రంగు అంతటా ఒకేలా ఉండాలి. అంచు దగ్గర మచ్చలు, మబ్బులా చెదిరిన పూత కనిపిస్తే అది పక్కన పెట్టాల్సిందే.

3. స్పీడు: అతి వేగమూ వద్దు, అతి నెమ్మదీ వద్దు

ముందు ఎక్స్ అంటే ఎంతో చూద్దాం. సీడీకి 1ఎక్స్ అంటే సెకనుకు 150 కేబీ. డీవీడీకి అది సుమారు 1385 కేబీ, అంటే సీడీకి తొమ్మిదింతలు. బ్లూ-రేకి దాదాపు 4.5 ఎంబీ. అందుకే 52ఎక్స్ సీడీ కంటే 8ఎక్స్ డీవీడీ ఎక్కువ డేటా రాస్తుంది.

"ఎంత నెమ్మదిగా రాస్తే అంత మంచిది" అనే మాట పాతికేళ్ల కింద నిజమే. అప్పటి డిస్కులను తక్కువ స్పీడు కోసమే తయారు చేసేవారు. ఇప్పటి 16ఎక్స్ డీవీడీలో ఉండే రంగు పొర వేగంగా తిరుగుతూ, బలమైన లేజర్ తగిలితే సరిగ్గా గుర్తులు పడేలా తయారైంది. మీ డ్రైవ్ ఫర్మ్‌వేర్‌లో, అంటే దాన్ని నడిపే లోపలి ప్రోగ్రామ్‌లో కూడా ఒక్కో మీడియా కోడ్‌కి, ఒక్కో స్పీడుకి లేజర్ ఎంతసేపు, ఎంత బలంగా వెలగాలో రాసి ఉంటుంది. చాలా డ్రైవ్‌లు మెరుగ్గా రాసేది మధ్య స్పీడుల్లోనే. అట్టు పొయ్యి మీద వేసినట్టే ఇదీ: మంట మరీ తగ్గించినా పెనానికి అతుక్కుంటుంది, పెంచినా మాడుతుంది.

మరోవైపు అతి వేగానికి వచ్చే లాభం కూడా పెద్దగా ఏమీ లేదు. 16ఎక్స్ అన్నది డిస్క్ అంచుకి చేరాక వచ్చే వేగం. లోపలి వలయాల దగ్గర డ్రైవ్ ఆరేడు ఎక్స్‌తో మొదలుపెడుతుంది. అందుకే నిండు డీవీడీ 16ఎక్స్‌లో ఆరు నిమిషాలు పడితే, 8ఎక్స్‌లో ఎనిమిది, తొమ్మిది నిమిషాలు పడుతుంది. ఆ రెండు మూడు నిమిషాల కోసం అంచు దగ్గర తప్పులు కొనితెచ్చుకోవడం ఎందుకు?

నేను వాడే, ఇతరులకు చెప్పే స్పీడులివి:

- 52ఎక్స్ సీడీ-ఆర్: 16ఎక్స్ నుంచి 24ఎక్స్. ఆడియో సీడీకి 16ఎక్స్.
- 16ఎక్స్ డీవీడీ, ప్లస్ అయినా మైనస్ అయినా: 8ఎక్స్.
- 8ఎక్స్ డబుల్ లేయర్ డీవీడీ: 4ఎక్స్.
- 6ఎక్స్ బీడీ-ఆర్: 4ఎక్స్.

లాప్‌టాప్‌కి తగిలించే పలుచటి యూఎస్‌బీ రైటర్లకు డీవీడీ గరిష్ఠ వేగం సాధారణంగా 8ఎక్స్. వాటిలో 6ఎక్స్ ఉంటే అది, లేకపోతే 4ఎక్స్ పెట్టండి. వాటికి కరెంటు యూఎస్‌బీ నుంచే అందాలి కాబట్టి హబ్ వాడకుండా నేరుగా లాప్‌టాప్‌కే గుచ్చండి, ఛార్జర్ పెట్టి ఉంచండి. మీరు 4ఎక్స్ అని ఎంచుకున్నా డ్రైవ్ 6ఎక్స్‌లో రాస్తుంటే కంగారు పడకండి. ఆ డిస్క్‌కి దాని జాబితాలో 4ఎక్స్ లేదని అర్థం.

4. రాసేటప్పుడు

ఫైళ్లన్నీ ముందు కంప్యూటర్ సొంత డిస్క్‌లోకి తెచ్చుకోండి. పెన్ డ్రైవ్ నుంచో, వైఫై మీద ఇంకో కంప్యూటర్ నుంచో నేరుగా రాయొద్దు. డేటా అందకపోయినా డిస్క్ పాడవకుండా ఆపే ఏర్పాటు 2000 నుంచి డ్రైవ్‌లలో ఉంది, కానీ ఆగి మళ్లీ అందుకున్న ప్రతిచోటా చిన్న అతుకు పడుతుంది. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉండాలి, వేసవిలో మరీను.

డీవీడీని పూర్తిగా నింపకండి. రాత లోపలి నుంచి బయటికి సాగుతుంది, తప్పులు ఎక్కువయ్యేది అంచులోనే. చివరి 200 ఎంబీ ఖాళీగా వదిలేస్తే మంచిది.

విండోస్ ఖాళీ డిస్క్ చూడగానే రెండు దారులు అడుగుతుంది. "యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్‌లా" అన్నది మీ కంప్యూటర్‌లో వాడుకోవడానికే పనికొస్తుంది. ఇతరులకు ఇచ్చేదైతే "సీడీ, డీవీడీ ప్లేయర్‌తో" అన్న రెండోదే ఎంచుకోండి. వేరే సాఫ్ట్‌వేర్‌లో అయితే "ఫైనలైజ్" లేదా "క్లోజ్ డిస్క్" గుర్తు పెట్టి ఉందో లేదో చూడండి. మూయని డిస్క్‌ను చాలా ప్లేయర్లు గుర్తించవు. ఆడియో సీడీకి "డిస్క్ అట్ వన్స్" పెడితే పాటల మధ్య అనవసరపు ఖాళీలు రావు.

ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టే అలవాటుంటే ఒక చిక్కు ఉంది. డిస్క్ మీద ఫైళ్లను, వాటి పేర్లను అమర్చే పద్ధతుల్లో పాతదైన ఐఎస్ఓ 9660కి తెలుగు అసలు తెలియదు. జోలియట్‌కి తెలుసు కానీ 64 అక్షరాల దాకానే. కంప్యూటర్ లెక్కలో "శ్రీ" ఒక్కటే నాలుగు అక్షరాలు, కాబట్టి పొడుగాటి పెళ్లి పేర్లు మధ్యలో తెగిపోతాయి. యూడీఎఫ్ ఎంచుకుంటే ఆ బాధ ఉండదు, 4 జీబీ దాటిన ఫైళ్లూ పడతాయి. కారు స్టీరియోకి మాత్రం పొట్టి ఇంగ్లిష్ పేర్లే పెట్టండి, తెలుగు అక్షరాల చోట అది డబ్బాలు చూపిస్తుంది.

5. సరిచూడకుండా చేతికివ్వొద్దు

"వెరిఫై" గుర్తు పెడితే బర్న్ అయ్యాక సాఫ్ట్‌వేర్ డిస్క్ మొత్తం చదివి అసలు ఫైళ్లతో పోల్చుతుంది. సమయం దాదాపు రెట్టింపవుతుంది, అయినా తప్పించకండి. తర్వాత ఇంకో డ్రైవ్‌లో, వీలైతే అది నిజంగా ఆడబోయే ప్లేయర్‌లో వేసి, వీడియో చివరి పది నిమిషాలు చూడండి. మొదట్లో బాగా ఆడి చివర్లో ఆగేవే ఎక్కువ.

ఇంకా లోతుగా చూడాలంటే కొన్ని డ్రైవ్‌లు తప్పుల లెక్క కూడా చెప్తాయి. డీవీడీ ప్రమాణం ప్రకారం వరుసగా ఎనిమిది బ్లాకుల్లో (డేటా ముక్కల్లో) పీఐ తప్పులు, అంటే చదివేటప్పుడు డ్రైవ్ పట్టుకునే చిన్న తప్పులు, 280 దాటకూడదు. మంచి బర్న్‌లో అవి అంతకు చాలా తక్కువగా ఉంటాయి. ఒకే కోడ్ ఉన్న రెండు డిస్కులను 8ఎక్స్‌లో, 12ఎక్స్‌లో రాసి ఈ గ్రాఫ్‌లు పక్కపక్కన చూస్తే, మీ డ్రైవ్‌కి ఏది నప్పుతుందో ఎవరి సలహా లేకుండానే తెలుస్తుంది.

6. దాచేటప్పుడు

పేపర్ స్టిక్కర్ అంటించొద్దు, తిరిగేటప్పుడు తూకం తప్పుతుంది. పేరు రాయాలంటే నీటి సిరా మార్కర్‌తో, మధ్య రంధ్రం చుట్టూ ఉన్న పారదర్శక భాగంలో రాయండి. సీడీలో డేటా పొర పేరు రాసే వైపే, పల్చటి లక్క కింద ఉంటుంది. అందుకే పైవైపు గీత కింది గీత కంటే ప్రమాదం. డీవీడీలో ఆ పొర రెండు ప్లాస్టిక్ బిళ్లల మధ్య భద్రంగా ఉంటుంది. బ్లూ-రేలో చదివే వైపు నుంచి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది.

తుడవాల్సి వస్తే మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవండి, గుండ్రంగా రుద్దకండి. గట్టి కేసులో నిలబెట్టి, ఎండ పడని అల్మారాలో ఉంచండి. కారు డాష్‌బోర్డు మీద, కోస్తా ఉక్కలో కిటికీ పక్కన వద్దు. పెళ్లి, పిల్లల ఫోటోలవైతే రెండు వేరు కోడ్‌ల డిస్కుల మీద రాసి, ఒకటి వేరే ఊళ్లో ఉన్న వాళ్లింట్లో పెట్టండి. ఏడాది రెండేళ్లకోసారి పూర్తిగా చదివించి చూడండి. చదవడం ఎక్కడైనా ఆగి ఆగి సాగితే, ఇంకా చదువుతోంది కదా అని వదిలేయకుండా అదే రోజు కొత్త డిస్క్‌లోకి ఎక్కించండి.