జర్మనీలోని చిన్న ఊరి డాలు చిహ్నాన్ని, జెండాను తప్పు లేకుండా గీయడం ఎలా?

జర్మనీలో పదివేలకు పైగా గెమైండేలు ఉన్నాయి. మన పంచాయతీ, పురపాలక సంఘం స్థాయిలో ఉండే స్థానిక పాలనా విభాగాన్నే అక్కడ గెమైండే అంటారు. కొన్ని వందల జనాభా ఉన్న ఊరికి కూడా సొంత డాలు చిహ్నం, అంటే డాలు ఆకారంలో గీసే అధికారిక గుర్తు, ఉండటం అక్కడ మామూలే. అలాంటి చిహ్నాన్ని గీయాలనుకున్నవారు చాలామంది ఎక్కడో దొరికిన మసక బొమ్మను కంప్యూటర్‌లో తెరిచి, దాని అంచుల వెంట గీతలు లాగేసి పని అయిపోయిందనుకుంటారు. ఆ బొమ్మలో తప్పుంటే ఆ తప్పే మళ్లీ అచ్చవుతుంది. గీయవలసింది బొమ్మను చూసి కాదు, చిహ్నాన్ని ఒకటి రెండు వాక్యాల్లో నిర్వచించే అధికారిక వర్ణనను చదివి. జర్మన్‌లో దీనిని బ్లాజోనీరుంగ్ అంటారు.

ఈ వర్ణన సాధారణంగా గెమైండే మూల నియమావళిలో, అంటే హౌప్ట్‌జాట్‌సుంగ్‌లో, మొదటి సెక్షన్లలోనే కనిపిస్తుంది. ష్లేస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రంలోని ఊర్లకైతే ఆ రాష్ట్ర ఆర్కైవ్ నిర్వహించే చిహ్నాల పట్టిక ఆన్‌లైన్‌లోనే ఉంది. బవేరియా ఊర్లకు బవేరియా చరిత్ర సంస్థ వారి సేకరణ ఉంది. వెతికేటప్పుడు ఆ ఊరు ఇప్పటికీ స్వతంత్ర గెమైండేగా ఉందో లేదో కూడా చూసుకోవాలి, ఎందుకంటే 1970ల ప్రాంతంలో జరిగిన పునర్వ్యవస్థీకరణలో వేల ఊర్లు పక్క ఊర్లలో కలిసిపోయాయి, వాటి పాత చిహ్నాలు అధికార హోదా కోల్పోయాయి.

సామగ్రి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. తెల్ల కాగితం, పెన్సిలు, స్కేలు, ఆ తర్వాత ఇంక్‌స్కేప్ వంటి వెక్టర్ సాఫ్ట్‌వేర్, అంటే ఎంత పెద్దది చేసినా చెదరని గీతలతో బొమ్మ గీసే ప్రోగ్రామ్, చాలు. డాలు ఆకారం పైన సమంగా, కింద అర్ధవృత్తంగా ఉండాలి. కొందరు అంచులు వంపులు తిరిగిన అలంకారపు డాలును వాడతారు. అది వాడకూడదు, లోపలి బొమ్మలకు చోటు చాలదు.

రంగులు మామూలుగా ఆరే: బంగారం, వెండి అనే రెండు లోహాలు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు అనే నాలుగు వర్ణాలు. బంగారాన్ని పసుపుగా, వెండిని తెలుపుగా వేయాలి. వెండి అన్నారు కదా అని బూడిద రంగు పూసి, దానిపై మెరుపు నీడలు దిద్దేవారిని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఏ ఛాయ వాడాలో వర్ణన సాధారణంగా చెప్పదు కాబట్టి నిండైన, ముదురు చేయని రంగులే వేయాలి. నలుపు తెలుపుల్లో ముద్ర గీయవలసి వస్తే ఎరుపుకు నిలువు గీతలు, నీలానికి అడ్డగీతలు, బంగారానికి చుక్కలు వేస్తారు. వెండిని ఖాళీగా వదిలేస్తారు.

వర్ణన సాధారణంగా నేలతో మొదలవుతుంది. చీరకు నేల ఉన్నట్టే డాలుకూ నేల ఉంటుంది, దానిపై బొమ్మ నిలుస్తుంది. పూర్వం మైన్ట్స్ ఆర్చ్‌బిషప్పుల ఏలుబడిలో ఉన్న అనేక ఊర్ల చిహ్నాల్లో కనిపించే చక్రాన్ని తీసుకుంటే, ఎర్రని నేలపై ఆరు ఆకుల (చువ్వల) వెండి చక్రం అని వర్ణన ఉంటుంది. ఆరు అంటే ఆరే. ఎనిమిది వేస్తే అది మైన్ట్స్ చక్రం కాదు.

అసలు చిక్కు కుడి ఎడమల దగ్గర వస్తుంది, ఇక్కడ తొందరపడకూడదు. వర్ణనలోని కుడి, చూసేవారి కుడి కాదు. డాలును పట్టుకుని మన ఎదుట నిలబడిన యోధుడి కుడి. అంటే కాగితం మీద మనకు ఎడమవైపు ఉన్నదే వర్ణనలో కుడి. అలాగే ‘ముందు’ అనే అర్థంలో వచ్చే ఫోర్న్ అన్న మాట మన ఎడమ సగాన్ని, ‘వెనుక’ అనే అర్థంలో వచ్చే హింటెన్ మన కుడి సగాన్ని సూచిస్తాయి. ఇది తెలిసినవారు కూడా గీస్తూ గీస్తూ మధ్యలో మరచిపోతారు. అందుకని మొదటి గీత గీయకముందే కాగితం ఎడమ పైమూలన ‘కుడి’ అని, కుడి పైమూలన ‘ఎడమ’ అని పెన్సిలుతో రాసి, పని ముగిసేదాకా చెరపకూడదు. అప్పటికీ సందేహం తీరకపోతే కాగితాన్ని, గీసిన వైపు బయటికి ఉండేలా, రొమ్ముకు ఆనించి పట్టుకుని మీ కుడిచెయ్యి ఏ అంచున ఉందో చూసుకోండి.

దీని ప్రభావం ఏటవాలు పట్టెల్లో స్పష్టంగా తెలుస్తుంది. బాడెన్ ప్రాంతపు చిహ్నం బంగారు నేలపై ఎర్రని ‘కుడి ఏటవాలు’ పట్టె. అక్కడి ఎన్నో ఊర్లు దాన్ని తమ డాళ్లలో ఏదో ఒక భాగంలో ఉంచుకున్నాయి. ఆ పట్టె మన ఎడమ పైమూల నుంచి కుడి కిందివైపుకు దిగాలి.

రెండో ఉచ్చు విభజనను చెప్పే మాటల్లో ఉంది. గెష్పాల్టెన్ అంటే నిలువు గీతతో రెండుగా చేసిన డాలు, గెటైల్ట్ అంటే అడ్డగీతతో రెండుగా చేసిన డాలు. యంత్రానువాదాన్ని నమ్ముకుంటే రెండింటికీ ‘విభజించబడిన’ అనే వస్తుంది, పక్కపక్కన ఉండవలసినవి ఒకదానిపై ఒకటి ఎక్కుతాయి.

మూడోది జంతువుల ముఖం. ప్రత్యేకించి చెప్పకపోతే సింహమైనా డేగ తలైనా వర్ణనలోని కుడివైపుకే, అంటే మన ఎడమకే తిరిగి ఉంటుంది. పాలటినేట్ ప్రాంతపు డాళ్లలో నల్లని నేలపై ఎర్ర కిరీటం, ఎర్ర గోళ్లు ఉన్న బంగారు సింహం తరచుగా ముందు సగంలో నిలబడి బయటి అంచువైపు చూస్తూ ఉంటుంది. రెండో సగానికి వీపు చూపడం అమర్యాదగా ఉందని దాన్ని లోపలికి తిప్పేవారున్నారు. దంపతుల చిహ్నాలను జతచేసేటప్పుడు ఆ మర్యాద ఉంది కానీ, ఊరి చిహ్నంలో వర్ణన చెబితే తప్ప తిప్పకూడదు.

లోహంపై లోహం, వర్ణంపై వర్ణం వేయకూడదన్నది నియమం. గీయడం అయ్యాక అలా పడిందేమో చూడండి. పడితే చాలావరకు ఎక్కడో తప్పు చదివినట్టే. అయితే కిరీటం, గోళ్లు, నాలుక వంటి చిన్న భాగాలకు ఈ నియమం వర్తించదు. పైన చెప్పిన ఎర్ర కిరీటం నల్లని నేలపైనే ఉంది కదా. పక్కపక్కనే ఉండే పట్టెలనూ సాధారణంగా ఈ నియమం కిందికి తీసుకురారు. ఉత్తర సముద్రంలోని హెల్గోలాండ్ ఆకుపచ్చ, ఎరుపు, తెలుపు అడ్డపట్టెల డాలు దీనికి మంచి ఉదాహరణ. భూమి పచ్చన, కొండ అంచు ఎర్రన, ఇసుక తెల్లన అని ఆ దీవివాసుల సామెత. రంగుల వరుస గుర్తుంచుకోవడానికి దాన్ని మించినది లేదు. 1890లో బ్రిటన్ జర్మనీకి అప్పగించకముందు కూడా దీవి జెండాలో ఈ రంగులే ఉండేవి, కాకపోతే మూలన బ్రిటిష్ జెండా ఉండేది.

జెండాకు కూడా నియమావళిలో వేరుగా వాక్యం ఉంటుంది. అందులో లెంగ్స్‌గెష్ట్రైఫ్ట్ అంటే జెండా పొడవాటి అంచు వెంబడి సాగే పట్టెలు. కర్రకు కట్టి ఎగరేసే వెడల్పాటి జెండాలో అవి అడ్డంగా ఉంటాయి; అడ్డకర్రకు వేలాడదీసే పొడవాటి బ్యానర్‌లో నిలువుగా ఉంటాయి. మొదటిదాన్ని రెండోదిగా మార్చేటప్పుడు పై పట్టె మనకు ఎడమవైపుకు రావాలి, డాలు మాత్రం నిటారుగానే ఉండాలి. బొమ్మ మొత్తాన్ని ఒకేసారి తొంభై డిగ్రీలు తిప్పేస్తే డాలు పక్కకు ఒరుగుతుంది, సింహం బోర్లా పడుకుంటుంది. కనుక పట్టెలను ఒక లేయర్‌లో, డాలును మరో లేయర్‌లో ఉంచి పట్టెలను మాత్రమే తిప్పండి. డాలు జెండా నడిమధ్యన ఉండాలా, కర్రవైపు జరిగి ఉండాలా అన్నది వర్ణనలోనే చూసుకోవాలి.

ఫైలును ఎస్‌వీజీ అనే వెక్టర్ రూపంలో దాచుకోండి. చదువు కోసమో సరదాకో గీసుకోవడం వేరు గానీ, దాన్ని లెటర్‌హెడ్‌పైనో అమ్మకపు వస్తువుపైనో వేయాలంటే ముందుగా ఆ గెమైండే కార్యాలయానికి రాసి అనుమతి తీసుకోవాలి.